ఎడమ పక్క అద్దం

నాలుగేళ్ళుగా భాను ఒక కారు ముసలిదవ్వాలని కోరుకుంటోంది. బూడిద రంగు కారు, వెనక బంపరు మీద వెలిసిపోయిన పసుపు స్టిక్కరు. రోజూ పొద్దున అది ఆమె షెడ్డు ముందు నుంచే వెళ్తుంది, సాయంత్రం అటు నుంచే తిరిగొస్తుంది. సీటు గుడ్డ కుడుతున్నా, ఫోము కోస్తున్నా భాను తలెత్తి చూస్తుంది. ఇంకా గట్టిగానే ఉందనుకుని మళ్ళీ పనిలో పడుతుంది. ఇంజన్లు విప్పడానికి అరకులో నలుగురున్నారు. సీట్లు, టాపు గుడ్డ, తలుపు హేండిళ్ళు, అద్దాలు, ఇలాంటి లోపలి పనికి మాత్రం ఆమె ఒక్కతే. కాదంటే ఘాట్ దిగి విశాఖపట్నం పోవాలి. ఆ కారుగల పెద్దమనిషి అంత దూరం పోయే రకం కాదని భానుకు తెలుసు. ఎప్పటికైనా తన గుమ్మంలోకి రాక తప్పదు, అప్పుడు చూసుకుందామని పళ్ళు బిగపట్టుకుని కూర్చుంది.

చైత్రమాసం మొదట్లో ఒక మంగళవారం పొద్దున ఆ కారు రోడ్డు దిగి షెడ్డు ముందు ఆగింది.

దిగినవాడు వరహాలరావు. శృంగవరపుకోట నుంచి వచ్చి అరకులో ఇనుము, సిమెంటు కొట్టు పెట్టి, రెండు మేడలు కట్టినవాడు. జుట్టు నిండా కారు టాపు నుంచి రాలిన నారింజ రంగు పొడి ఉంది. దులుపుకుంటూ షెడ్డు లోపలికి తొంగి చూశాడు.

"ఏమ్మా, లోపల పనంతా నువ్వే సేత్తావంట. సూర్యనారాయణ సెప్పాడు."

సూర్యనారాయణ పక్క షెడ్డులో ఇంజన్లు బాగుచేసే మేస్త్రి. భాను కత్తెర కింద పెట్టి లేచింది. నాలుగేళ్ళుగా మనసులో ఎన్నోసార్లు తిట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి మర్యాదగా మాట్లాడుతున్నాడు.

"సేత్తాను బాబూ. ఏటయింది?"

"ఏటవలేదో అడుగు. పదకొండేళ్ళ బండి."

తలుపు తీసి చూపించాడు. టాపు గుడ్డ ఊడిపోయి సీట్ల మీదకు వేలాడుతోంది. దాన్ని ఆపడానికి చీర పిన్నులు వరసగా గుచ్చారు. "మా ఆవిడ పిన్నులన్నీ ఈ కారుకే సరిపోయాయి," అని నవ్వాడు. డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగిపోయింది. సీటు బెల్టు లాగితే వస్తుంది, వెనక్కి పోదు. డాష్‌బోర్డు కిటకిటలాడుతుంది. కింద కార్పెట్టు తడిసి ముక్కిపోయిన కంపు. ఎడమ పక్క ముందు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, ఎవరో ఒకరు బయట నుంచి తియ్యాలి. భాను ఒక్కొక్కటీ ముట్టుకుని చూస్తూ వెనకాలే నడిచింది.

"ఇంకోటి. ఈ ఎడం తలుపులో ఏదో గలగలమంటాది. గతుకు తగిల్తే సాలు. నాలుగేళ్ళయింది. ముగ్గురు స్క్రూలు బిగించారు, పోలేదు. అద్దం కూడా సగంలో పట్టీసి మూలుగుతాది. నా పక్కనున్న బటను నొక్కితే అసలు కదల్దు, దాని సంగతి ఒదిలీ. అటేపు బటనుంది, అది సాలు."

నాలుగేళ్ళు అన్న మాట దగ్గరే భాను ఆగిపోయింది. మిగతాది చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు.

"శనివారం సాయంత్రానికి కావాల. ఆదివారం కొత్తవలసలో మా బామ్మర్ది గృహప్రవేశం. అసలు చైత్రంలో మేం కొండ దిగం. మీవోళ్ళు రోడ్డు మీద గేట్లెట్టి ఆపీత్తారు కదా. ఈసారి ముహూర్తం అలా వచ్చింది, తప్పలేదు."

"జామిపుట్టు మీంచే ఎల్తారా?"

"ఇంకే రోడ్డుంది?"

"శనివారానికి ఇచ్చేత్తాను బాబూ," అంది భాను. జామిపుట్టు తన ఊరని చెప్పలేదు.

అతను నడిచి వెళ్ళిపోయాక ఎడమ తలుపు ముందు గొంతుక్కూర్చుంది. నాలుగేళ్ళ కిందట ఇదే చైత్రంలో, వేటకూ విత్తనాలకూ చేసే ఇటుకల పండగనాడు, జామిపుట్టు ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు గేటు పెట్టారు. మగవాళ్ళు వేటకు పోయిన ఆ రోజుల్లో రోడ్డు ఆడవాళ్ళది. వచ్చిన బండినల్లా ఆపి కానుక అడుగుతారు. ఇవ్వనివాళ్ళు దిగి థింసా ఆటలో ఒక చుట్టు తిరగాలి. అందరూ నవ్వుకుంటూనే ఇస్తారు, నవ్వుకుంటూనే పోతారు. ఈ కారు ఆగింది. ఎడమ అద్దం జానెడు దిగి ఉంటే భాను తల్లి సోములమ్మ చెయ్యి లోపలికి చాపింది. అద్దం పైకి లేచింది. ముందు బండి కోసం ఎత్తిన వెదురు ఇంకా దించనే లేదు, ఆ సందు చూసి కారు కదిలింది. అద్దంలో చెయ్యి ఇరుక్కుపోయి సోములమ్మ కారుతో పాటు పది గజాలు పరిగెత్తింది. డప్పుల దగ్గరున్న భానుకు తల్లి వీపు కనబడింది, స్టీరింగు పట్టుకున్న వరహాలరావు మొహం కనబడింది. తరవాత సోములమ్మ రోడ్డు మీద కూర్చుని కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. నడిమి వేలు, ఉంగరం వేలు విరిగాయి. ఉంగరం లేదు. మట్టిలో ఎంత వెతికినా దొరకలేదు. స్టేషనుకు పోతే, రోడ్డు మీద బళ్ళాపడం ఎవరి తప్పు అని ఎదురు అడిగారు.

ఆ వేళ్ళు అరచేతిలోకి వంగిపోయి అలాగే ఉండిపోయాయి. థింసాలో వరస ముందు నిలబడి అడుగు చెప్పే మనిషి సోములమ్మ. పక్క మనిషి నడుం వెనక నుంచి చెయ్యి పోనిచ్చి ఆ అవతలి మనిషి చెయ్యి పట్టుకుంటేనే ఆ ఆట. పట్టులేని చెయ్యి వరసలో ఉంటే వరసంతా తెగిపోతుంది. ఆ ఏడాది నుంచీ ఆమె డప్పులవాళ్ళ పక్కన విత్తనాల బుట్ట పట్టుకుని నిలబడుతోంది.

భాను ఎడమ అద్దం మీద గీత చూసింది. లోపలి వైపు, పై నుంచి కిందికి, గోరుతో గీరినట్టు నిలువుగా ఒకే గీత.

*

బుధవారం టాపు పని. పైన అట్టను వెనక తలుపులోంచి జాగ్రత్తగా దించి రెండు డ్రమ్ముల మీద పరిచింది. పాత ఫోము చెయ్యి తగిలితే పొడి అయిపోతోంది. బ్రష్షుతో గీకి గీకి అట్ట తెల్లబడేదాకా వదల్లేదు. చాలామంది ఈ పొడి మీదే బంక పూసి కొత్త గుడ్డ అంటించేస్తారు. అది ఒక్క ఎండాకాలం కూడా ఆగదు. తన చేతి కింద నుంచి తప్పు పని బయటికి పోలేదని భానుకు గొప్ప. ఈ కారుకు మాత్రం ఎందుకింత గీకుతున్నావని తనను తానే తిట్టుకుంది. అయినా గీకింది.

మధ్యాహ్నం వరహాలరావు భార్య ఉమామహేశ్వరి గుడ్డ రంగు చూడ్డానికి వచ్చింది. సన్నటి మనిషి, మాట కూడా సన్నం. భాను తల మీదున్న పొడి చూసి, "మంచినీళ్ళు తాగుతావా అమ్మా," అని తన సంచిలోంచి సీసా తీసిచ్చింది. భాను పుచ్చుకుంది గానీ తాగలేదు.

"ముందు సీట్లో ఒకసారి కూకోండమ్మగారూ, ఎత్తు సూత్తాను. అటేపు మీరే కదా కూకుంటారు."

"అక్కర్లేదు," అంది ఉమామహేశ్వరి. ఎడమ తలుపుకు రెండడుగుల దూరంలోనే నిలబడింది. "ఆ అద్దం పని కూడా పెట్టుకోకమ్మా. మూసి ఉంటే సాలు. నేను దించను."

మా గాలి కూడా తగలకూడదు కాబోలు మహాతల్లికి అనుకుంది భాను. ఆమె వెళ్ళాక సీసాలో నీళ్ళు బ్రష్షు కడుక్కోవడానికి వాడింది.

గురువారం కార్పెట్టు లేపితే కింద బెత్తెడు నీళ్ళు. ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. సైకిలు ఊచ దూర్చి పొడిస్తే మట్టి రాలి నీళ్ళు బుడబుడమని దిగిపోయాయి. కార్పెట్టు ఎండలో వేసింది. డాష్‌బోర్డు కీళ్ళలో పాత గొంగడి ముక్కలు కుక్కింది. కిటకిట ఆగిపోయింది. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి సబ్బు నీళ్ళతో రుద్దుతూ, డ్రైవరు బెల్టు అడుగున కుట్టు దగ్గర చెయ్యి ఆపింది. బ్లేడు పక్కనే ఉంది. నాలుగు పోగులు కోస్తే ఎవరికీ కనబడదు, ఘాట్ రోడ్డు మీద మలుపులు ఎలాగూ ఉన్నాయి. ఆ ఆలోచన రాగానే భానుకు తన మీద తనకే భయం వేసింది. చావు కాదు ఆమెకు కావలసింది. వేలికి వేలు కావాలి. బ్లేడు తీసుకెళ్ళి డబ్బాలో వేసింది.

అప్పుడు ఎడమ తలుపు పట్టుకుంది. తలుపు అట్టను ఇనుప పనిముట్టుతో లాగితే గీతలు పడతాయని ఆమె వెదురు బద్దను పల్చగా చెక్కి వాడుతుంది. బద్దను సందులో పోనిచ్చి తిప్పితే క్లిప్పులు ఒక్కొక్కటే టక్కుమని వదిలాయి. అట్ట పక్కన పెట్టి, తలుపు కడుపులోకి మోచెయ్యి దాకా పోనిచ్చింది. తడి ఆకులు, తుప్పు, ఒక పాత చాక్లెట్టు కాగితం. అట్టడుగున చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది.

తీసి చూసింది. వెండి ఉంగరం, నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. పైన మూడు చుక్కలు. సోములమ్మ తల్లి వేలి నుంచి సోములమ్మ వేలికి వచ్చిన ఉంగరం. అద్దం లోపల అరిగిపోయిన రబ్బరు సందులోంచి జారి లోపల పడి ఉంటుంది. పడుతూ అద్దాన్ని గీసింది. నాలుగేళ్ళు ఆ తలుపులో గలగలమని అరుస్తూనే ఉంది, వీళ్ళు స్క్రూలు బిగించుకున్నారు. భాను ఉంగరాన్ని పిడికిట్లో పెట్టుకుని, నూనె మరకల చేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చింది. ఏడుపు ఆగాక కోపం మాత్రం మిగిలింది.

శుక్రవారం అద్దానికి కొత్త రబ్బరు వేసింది. కొత్త రబ్బరులో అద్దం పట్టేస్తుంది, మొదటిసారి ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఒకరు రెండు చేతుల్తో అంచు పట్టుకుని పైకి లాగాలి, ఇంకొకరు బటను నొక్కాలి. పక్క షెడ్డు నుంచి సూర్యనారాయణను పిలిచింది. అతను సగం దిగిన అద్దం అంచు మీద ఎనిమిది వేళ్ళూ వేసి పట్టుకున్నాడు.

"నా ఏళ్ళు పైన ఉన్నాయే గుంటా. సూసి నొక్కు," అన్నాడు.

భాను వేలు బటను మీద ఆగిపోయింది. అతని వేళ్ళకూ పై ఫ్రేముకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఇంత సులువా అనిపించింది. మనిషి తనంతట తనే వచ్చి వేళ్ళు పెడతాడు. బతిమాలక్కర్లేదు, బలవంతం చెయ్యక్కర్లేదు. ఆదివారం జామిపుట్టు గేటు దగ్గర అద్దం ఎక్కకుండా ఉంటే చాలు.

"నొక్కవేటే?" అన్నాడు సూర్యనారాయణ.

మెల్లగా నొక్కింది. అద్దం ఎక్కింది. అతను వేళ్ళు తీసుకుని వెళ్ళిపోయాడు. భాను మళ్ళీ తలుపు విప్పి, అద్దాన్ని పైకెత్తే వైరును కోసి జాయింటు పెట్టింది. ఆ జాయింటు చేతిపిడి కింద, రెండు వేళ్ళు దూర్చితే అందేలా ఉంచింది. కలిపితే అద్దం ఎక్కుతుంది. విడదీస్తే దిగుతుంది, మళ్ళీ ఎక్కదు. విడదీసే ఉంచింది. ఇన్నేళ్ళలో తెలిసి తెలిసి ఒక బండిలో ఆమె పెట్టిన మొదటి తప్పు అదే.

ఆ సాయంత్రం జామిపుట్టులో సోములమ్మ వాకిట్లో కూర్చుని చాటలో సామ విత్తనాలు చెరుగుతోంది. ఎడమచేత్తో చాట పట్టుకుని, కుడి మణికట్టును అంచుకు ఆనించి చెరగడం అలవాటు చేసుకుంది. భాను ఉంగరం ఆ చాటలోనే పెట్టింది. సోములమ్మ దాన్ని విత్తనాల్లోంచి ఏరి, చీర చెంగుతో తుడిచి, చుక్కలు లెక్కపెడుతున్నట్టు బొటనవేలితో తడిమింది. ఎక్కడ దొరికిందో భాను చెప్పింది. ఆదివారం చెయ్యబోయేది కూడా చెప్పింది.

"ఎవులి ఏళ్ళు?" అంది సోములమ్మ.

"ఆడియే. ఇంకెవులియి?"

"ఆడియా," అంది సోములమ్మ. కాసేపు కూతురి వైపు చూసి, మళ్ళీ చాట అందుకుంది. భానుకు తల్లి మీద కూడా కోపం వచ్చింది. పోయిన వేళ్ళు ఆమెవి, ఉలుకూ పలుకూ లేకుండా విత్తనాలు చెరుగుతుందేమిటి అని.

*

శనివారం మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. టాపు గుడ్డ ఒక్క ముడత లేకుండా బిగిసింది. సీటు లేచింది. ఎడమ తలుపు లోపలి హేండిలు వేలితో తాకితే చాలు తెరుచుకుంటోంది. మిగిలింది డ్రైవరు పక్క బటను ఒకటి. దాని సంగతి వదిలెయ్యమన్నాడు గానీ, ఒక తప్పు తను పెట్టింది కదా, దానికి బదులుగా ఇదైనా బాగుచేద్దామని ఆమెకు బుద్ధి పుట్టింది. బటన్ల పలక ఊడదీసి వెనక్కి తిప్పింది.

ఎడమ అద్దం బటను వెనక సాకెట్టు ఖాళీగా ఉంది. వైరు తెగిపోవడం కాదు, కాలిపోవడం కాదు. అసలు వైరే లేదు. సాకెట్టుకు ఫ్యాక్టరీలో పెట్టిన తెల్ల మూత పదకొండేళ్ళ దుమ్ముతో అలాగే ఉంది. తక్కువ రకం బండి, అందానికి పెట్టిన బటను అది. డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషి ఆ అద్దాన్ని ఏనాడూ ఎత్తలేడు, దించలేడు.

భాను ఆ పలక పట్టుకుని సీట్లోనే కూర్చుండిపోయింది. నా బటను నొక్కితే అసలు కదల్దు అని మంగళవారమే చెప్పాడు. మూసి ఉంటే సాలు, నేను దించను అని ఆవిడ కూడా చెప్పింది. ఇద్దరూ చెప్పారు, తనకు వినపడలేదు. నాలుగేళ్ళ తిట్లన్నీ వేరే మనిషి మీద పోసింది. అతనూ ఏం తక్కువ తినలేదు. చెయ్యి ఇరుక్కుని ఉండగా బండి నడిపింది అతనే. కానీ అద్దం లేపిన వేలు ఆవిడది. ఆ సన్నటి చేతిది. మంచినీళ్ళు తాగుతావా అమ్మా అని అడిగిన మనిషిది.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. వరహాలరావు సీట్లో కూర్చుని ఎగిరి చూశాడు, బెల్టు లాగి వదిలాడు, తలుపు పదిసార్లు వేసి తీశాడు.

"గలగల పోయింది. ఏటుంది లోపల?"

"రాయి ముక్క," అంది భాను. "బాబూ, బంక వాసన మూడు రోజులుంటాది. నాలుగద్దాలూ సగం దింపుకుని తిరగాల. మూసీత్తే గుడ్డ బుడగలొచ్చేత్తాది, మీకూ తలనొప్పొత్తాది."

ఆ మాట నిజమే. నిజం గనకే అంత తేలిగ్గా వచ్చింది. ఉమామహేశ్వరి ఎడమ అద్దం వైపు చూసి, "రేపు కూడానా?" అని అడిగింది.

"రేపు కూడానమ్మా."

ఆమె చేతులు రెండూ చెంగులో చుట్టుకుని ఉన్నాయి. భాను వాటినే చూసింది. ఉంగరం వేలికి పగడం ఉంగరం ఉంది. జాయింటు కలిపెయ్యడానికి ఇంకా అవకాశం ఉంది. కలపలేదు.

*

ఆదివారం ఎనిమిది గంటలకే జామిపుట్టు గేటు దగ్గర ముప్పై మంది ఆడవాళ్ళు చేరారు. వేటకు పోలేని ముసలివాళ్ళు నలుగురు డప్పులు వేడి చేసుకుంటున్నారు. సోములమ్మ విత్తనాల బుట్ట పక్కన నిలబడింది. ఉంగరాన్ని రాత్రికి రాత్రే రాయి మీద సాగగొట్టి గుండ్రం చేసుకుని ఎడమచేతికి పెట్టుకుంది. భాను గేటు వెదురు పట్టుకుంది. రెండు జీపులు, ఒక లారీ పోయాయి. తరవాత బూడిద రంగు కారు మలుపు తిరిగింది.

వెదురు చూడగానే ఎడమ సీట్లోని మనిషి చెయ్యి బటను మీదకు పోవడం భాను దూరం నుంచే చూసింది. అద్దం కదల్లేదు. కారు వచ్చి గేటుకు ఆనుకుని ఆగింది. ఈసారి సందు లేదు, భాను వెదురును రెండు చేతుల్తో కిందికి నొక్కి కట్టేసింది.

"ఎత్తీ, అద్దం ఎత్తీ," అంటున్నాడు వరహాలరావు.

"ఎక్కట్లేదండీ."

అతను భానును చూసి తెల్లబోయాడు. "ఏమ్మా, నువ్విక్కడా? నిన్ననే కదా బాగుసేసావు?"

"కొత్త రబ్బరు బాబూ. మొదట్లో పట్టేత్తాది." భాను ఎడమ పక్కకు వచ్చింది. అద్దంలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి చేతిపిడి కింద తడిమింది. రెండు వేళ్ళకు వైరు కొసలు రెండూ దొరికాయి. "అమ్మగారూ, రెండు సేతుల్తో అంచు పట్టుకుని పైకి లాగండి. నాను బటను నొక్కుతాను."

ఉమామహేశ్వరి చేతులు ఎత్తింది. ఎనిమిది వేళ్ళూ అద్దం అంచు మీద వేసింది. ఒక్క క్షణం. ఆ వేళ్ళను చూసుకుంది, పైన ఫ్రేమును చూసింది, లోపలికి చాచి ఉన్న భాను చెయ్యిని చూసింది. గబుక్కున చేతులు లాక్కుని ఒళ్ళో దాచుకుంది.

"నా వల్ల కాదు," అంది.

"పట్టుకుంటే ఏటవుద్ది?" అన్నాడు వరహాలరావు విసుక్కుంటూ.

"ఏటవుద్దో నాకు తెలుసు."

మెల్లగానే అంది గానీ అద్దం దగ్గర నిలబడ్డ వాళ్ళందరికీ వినపడింది. వరహాలరావు స్టీరింగు వైపు చూశాడు. భానుకు కావలసింది ఇదే. కానీ ఇది మాటే, వేలు కాదు. నాలుగేళ్ళ కోపం నోటి దాకా వచ్చింది.

"పట్టుకోండమ్మా. పట్టుకోండి. మాయమ్మ పెట్టింది కదా సెయ్యి."

భుజం మీద ఎవరో తోశారు. సోములమ్మ. కూతుర్ని పక్కకు జరిపి, అద్దంలోంచి కుడిచెయ్యి లోపలికి చాపింది. వంగిపోయిన రెండు వేళ్ళు ఉమామహేశ్వరి మొహానికి మూరెడు దూరంలో ఆగాయి.

"కానుకొద్దు తల్లీ," అంది సోములమ్మ. "దిగు. ఒక సుట్టు తిరుగు."

ఎవరూ బయట నుంచి తలుపు తియ్యలేదు. ఉమామహేశ్వరి లోపలి హేండిలు తాకింది. భాను బాగుచేసిన తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఆమె పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మట్టిలోకి దిగింది.

డప్పులు లేచాయి. ఆడవాళ్ళు వరస కట్టారు. నాలుగేళ్ళ తరవాత సోములమ్మ వరస ముందుకు వచ్చి నిలబడింది. పక్కన ఉమామహేశ్వరిని నిలబెట్టుకుంది. ఆటలో పక్క మనిషిని దాటి అవతలి మనిషి చెయ్యి పట్టుకోవాలి. సోములమ్మ అలా పట్టుకోలేదు. పద్ధతి తప్పించి, కుడిచేతిని తిన్నగా ఉమామహేశ్వరి చేతిలోనే పెట్టింది.

"నా ఏళ్ళు పట్టవు తల్లీ. నువ్వే పట్టాల. గట్టిగా పట్టు. నువ్వొదిలీత్తే వరస తెగిపోద్ది, నాను పడిపోతాను."

ఒక చుట్టు అయింది. డప్పులవాళ్ళు సోములమ్మ వైపు చూశారు. ఆమె ఆపమని చెప్పలేదు. రెండో చుట్టు అయింది. ఉమామహేశ్వరికి అడుగు రాదు, ఎదురు కాలు వేస్తోంది, కళ్ళ నీళ్ళు కారి గడ్డం దాకా తడిసింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వరహాలరావు రెండుసార్లు హారను నొక్కాడు. ముహూర్తం, ముహూర్తం అన్నాడు. ఎవరూ అటు తిరగలేదు. మూడో చుట్టు దగ్గర సోములమ్మ కావాలనే అడుగు పెంచింది. ఉమామహేశ్వరి తూలింది గానీ చెయ్యి వదల్లేదు. తల్లి అంత నిటారుగా నిలబడి ఆడటం భాను మరిచేపోయింది. ఆమె తల్లి మొహంలో జాలి వెతికింది. ఎక్కడా లేదు.

ఆరో చుట్టుకు సోములమ్మ చెయ్యి ఎత్తింది. డప్పులు ఆగాయి. ఉమామహేశ్వరి వేళ్ళు తెల్లబడిపోయి, విప్పుకోవడానికి కాసేపు పట్టింది. ఏదో అనబోయింది. సోములమ్మ విననట్టు తిరిగి బుట్ట దగ్గరికి నడిచింది. భాను వెదురు కట్టు విప్పింది. కారు సగం దిగిన అద్దంతో మెల్లగా గేటు దాటి ఘాట్ వైపు పోయింది.

భాను తల్లి పక్కకు వచ్చి నిలబడింది. "అద్దం లేపింది ఆవిడని నీకు ముందే తెలుసా?"

"మొగం నా మొగానికి మూరెడు దూరంలో ఉంది. తెలీకేటి."

"మరి నాకు సెప్పలేదేటి? నాలుగేళ్ళు ఆడ్నే తిట్టాను కదా."

"ఆడ్నీ తిట్టాల్సిందే. నీకు సెప్తే అప్పుడే ఎల్లి ఆవిడ్ని కొట్టీసి వద్దువు. ఒక్క రోజుతో అయిపోయేది." సోములమ్మ బుట్టలో విత్తనాలు ఎడమచేత్తో కదిపింది, ఉంగరం మీద ఎండ పడింది. "గృహప్రవేశం ఎక్కడన్నావు?"

"కొత్తవలసలో."

"అయితే సాయంకాలం మళ్ళీ ఇటే వత్తారు." ఆమె రోడ్డు మలుపు వైపు చూసింది. "ఆ అద్దం బాగుసేసీసావా?"

"లేదు."

"ఉండనీ," అంది సోములమ్మ.